డెత్ వ్యాలీలో మునిగిన కొఠారు

అమ్మా నాన్నా కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్‌లోని మా ఇంటికి వచ్చి అప్పటికి నాలుగు నెలలు. అక్టోబర్లో వచ్చారు, ఏప్రిల్లో వెళ్లిపోవాలి. గోల్డెన్ గేట్ వంతెన చూపించాం, లాస్ వేగాస్ దీపాలు చూపించాం, లివర్‌మోర్ గుడికి నాలుగైదుసార్లు తీసుకెళ్లాం. ఎక్కడికి వెళ్లినా నాన్న నిలబడమన్నచోట నిలబడి ఫొటో దిగి, "బాగుందమ్మా" అని వెళ్లి కార్లో కూర్చునేవాడు. మా ఊరు చినగంజాంలో నలభై ఏళ్లు ఉప్పు కొఠారు, అంటే ఉప్పు పండించే మడులు, చేసిన మనిషి. చీకటితో లేచి మడుల మీదికి పోవడం అలవాటు. ఇక్కడా మూడింటికే లేచేవాడు, లేచి సోఫాలో కూర్చునేవాడు. ఎప్పుడైనా మంచినీళ్లకని నేను లేస్తే, లైటు కూడా వేసుకోకుండా కూర్చుని కనిపించేవాడు.

2024 ఫిబ్రవరిలో పిల్లలకు స్కూలు వారం రోజులు సెలవులిచ్చారు. "డెత్ వ్యాలీ వెళ్దాం, ఈ ఏడు అక్కడ సరస్సు వచ్చిందట" అన్నాడు మా ఆయన. ఆ పేరుకి అర్థమేంటని అడిగి, చావు లోయ అని తెలుసుకున్నాక అమ్మ ముఖం మాడిపోయింది. "ముసలాళ్లని తీసుకుని పోయే చోటేనా అది?" అంది. అదో ఎడారి, జాతీయ పార్కు, ఎండలకు పేరు అని చెప్పాక ఇంకో గొడవ. అమ్మ పుట్టిల్లు పల్నాడులో రెంటచింతల. ప్రతి వేసవీ ఎండల వార్తల్లో కనిపించే ఊరు. "ఎండ చూడ్డానికి డబ్బులు పోసి పోవాలంటే? మే నెలలో మా ఊరు రండి, ఊరికే చూపిస్తా" అంది.

1913 జులై 10న డెత్ వ్యాలీలోని ఫర్నేస్ క్రీక్ దగ్గర 56.7 డిగ్రీలు నమోదైంది, ఇప్పటికీ ప్రపంచ రికార్డు అదే అని ఫోన్లో చూపించాను. కళ్లజోడు పెట్టుకుని చదివి, "సరే, మా ఊరికంటే ఎక్కువే" అంది, ఏదో పందెం ఓడిపోయినట్టు. ఫిబ్రవరిలో మాత్రం అక్కడ పగలు సగటున ఇరవై రెండు, ఇరవై మూడు డిగ్రీలే. పెద్దవాళ్లతో వెళ్లాలంటే నవంబర్ నుంచి మార్చి లోపే. వేసవిలో పొద్దున పది దాటాక నడవొద్దని పార్కు వాళ్లే చెబుతారు.

మేం ఆరుగురం. మా కార్లో పట్టం కాబట్టి ఏడు సీట్ల వ్యాన్ అద్దెకు తీసుకున్నాం. మ్యాప్‌లో చూస్తే డెత్ వ్యాలీ మాకు తూర్పున ఎదురుగానే ఉంటుంది. మధ్యలో సియెర్రా నెవాడా కొండలు అడ్డం. యోసెమిటీ మీదుగా దాటే టియోగా కనుమను చలికాలం మంచుకి మూసేస్తారు. అందుకని దక్షిణంగా బేకర్స్‌ఫీల్డ్ దాకా దిగి, టెహాచాపీ కొండలెక్కి, మొహావీ మీదుగా మళ్లీ ఉత్తరానికి ఎక్కాలి. ఒక్కరోజులో తోలితే ఎనిమిది గంటలు. అమ్మ మోకాళ్లతో, అయిదేళ్ల బాబుతో ఒక్కరోజులో అయ్యే పని కాదు. మొదటి రాత్రి రిడ్జ్‌క్రెస్ట్‌లో, రెండో రాత్రి పార్కు అవతల నెవాడాలో ఉన్న పరంప్‌లో, మూడోది తిరుగు దారిలో బేకర్స్‌ఫీల్డ్‌లో గదులు తీసుకున్నాం. పార్కు లోపల కూడా హోటళ్లున్నాయి. రేట్లు చూసి పేజీ మూసేశాను.

పార్కు టికెట్టు కారుకి 30 డాలర్లు, ఏడు రోజులు చెల్లుతుంది. మాకు అదీ పడలేదు. అమెరికాలో నాలుగో తరగతి చదివే ప్రతి పిల్లకీ జాతీయ పార్కులన్నీ ఆ ఏడాదంతా ఉచితం, కార్లో కూడా ఉన్నవాళ్లకీ ఉచితమే. మా పాప నాలుగో తరగతి. వాళ్ల వెబ్‌సైటులో చిన్న ఆటలాంటిది పూర్తిచేస్తే ఒక కాగితం వచ్చింది, దాన్ని ప్రింటు తీసి పట్టుకెళ్లాం. ఫోన్లో చూపిస్తే అప్పట్లో ఒప్పుకునేవాళ్లు కాదు. సీనియర్లకు వేరే పాస్ ఉంది కానీ అది ఇక్కడి పౌరులకీ గ్రీన్‌కార్డు వాళ్లకీ మాత్రమే. చూడ్డానికొచ్చిన తల్లిదండ్రులకి ఇవ్వరు. ఈ సంగతి తెలియక ముందు ఓ గంట దానికోసం వెతికాను.

తిండి సంగతి అమ్మ చూసుకుంది. పులిహోర, చపాతీలు, పెరుగన్నం, మరమరాల ఉండలు, చిన్న సీసాలో గోంగూర పచ్చడి. నీళ్లు మాత్రం నేను పట్టుబట్టి ఎక్కువ పెట్టించాను. మనిషికి రోజుకి ఒక గ్యాలన్, అంటే దాదాపు నాలుగు లీటర్లు ఉండాలని పార్కు వాళ్ల మాట. ఇరవై నాలుగు గ్యాలన్లు వెనకాల పేర్చితే సూట్‌కేసులకి చోటు లేక బాబు కాళ్లకింద ఒకటి పెట్టాల్సి వచ్చింది. "చలికాలం ఇన్ని నీళ్లెందుకే?" అని అమ్మ సణిగింది. నాన్న ఏమీ అనలేదు. ఒక్కో డబ్బా మూత బిగించి చూశాడు.

రెండు రోజుల ముసురు తెరిపిచ్చాక బయలుదేరాం. ఆరు గంటల దారి మాకు తొమ్మిది గంటలు పట్టింది. దాని గురించి చెప్పుకోడానికేమీ లేదు, బాత్రూముల లెక్క తప్ప.

అసలు కథ రిడ్జ్‌క్రెస్ట్‌లో మర్నాడు పొద్దున మొదలైంది. వ్యాన్ స్టార్ట్ చేయగానే డ్యాష్‌బోర్డు మీద టైరు గుర్తు పసుప్పచ్చగా వెలిగింది. రాత్రి చలికి గాలి తగ్గి ఉంటుందిలే అన్నాడు మా ఆయన. నాన్న దిగి నాలుగు టైర్లూ చుట్టి వచ్చి, వెనక కుడి టైరు దగ్గర గొంతుక్కూర్చుని, "ఇదిగో బాబూ, మేకు" అన్నాడు. స్పేర్ టైరు కోసం వెనకాల సామానంతా దించి, మ్యాట్ ఎత్తి చూస్తే టైరు లేదు. ఒక గాలిపంపూ, ఒక జిగురు డబ్బా ఉన్నాయి. ఈ మధ్య చాలా వ్యాన్లకి స్పేర్ ఇవ్వడం మానేశారని మాకు అప్పుడే తెలిసింది. అద్దెకిచ్చిన వాళ్లకి ఫోన్ చేస్తే అరగంట పాట వినిపించి, జిగురు కొట్టుకుని వెళ్లమన్నారు. వెళ్లేది సిగ్నల్ లేని ఎడారికి. కారు తీసుకునేటప్పుడే వెనక మ్యాట్ ఎత్తి చూడండి. మేం గీతలు పడ్డాయా అని చుట్టూ వీడియో తీశాం గానీ ఆ పని చేయలేదు.

టైర్ల షాపు తెరిచేదాకా కాచుకుని, మేకు తీయించి, లోపల ప్యాచ్ వేయించేసరికి పదిన్నర. ఆ రెండున్నర గంటలూ నాకు టెన్షన్, పిల్లలకు విసుగు. నాన్న మాత్రం షాపులో గోడకున్న పాత మ్యాప్ ముందు నిలబడ్డాడు. ట్రోనా అని ఓ ఊరుంది ఆ పక్కనే. అక్కడి సెర్ల్స్ సరస్సు పైకి ఎండిపోయి ఉంటుంది, అడుగున చిక్కటి ఉప్పునీళ్లు. వాటిని తోడి సోడా, వెలిగారం (బోరాక్స్) తీస్తారని షాపతను చెప్పింది నేను తెలుగులో చెప్పాను. "తోడి తీస్తారా? బావులేసా, బోర్లేసా?" అని అడిగాడు నాన్న. నాలుగు నెలల్లో ఆయన నన్ను అడిగిన మొదటి పెద్ద ప్రశ్న అదేననుకుంటా. షాపతను బోర్లన్నాడు. నాన్న తలూపాడు.

ట్యాంకు అక్కడే నిండా పోయించాం. పార్కులో పెట్రోలు దొరుకుతుంది కానీ రేటు చూస్తే కళ్లు తిరుగుతాయి. ఒలాంచా దగ్గర 395 హైవే వదిలి 190 ఎక్కాక ఫోన్లు మూగబోయాయి. మ్యాప్‌ను ముందే డౌన్‌లోడ్ చేసుకున్నాం, అయినా కాగితం మ్యాప్ నాన్న ఒళ్లో పెట్టాం. రోడ్డు ముందు పానమింట్ లోయలోకి దిగుతుంది, మళ్లీ టౌన్ కనుమ దాకా 4,956 అడుగులు ఎక్కుతుంది, అక్కణ్నుంచి ఒక్క బిగిన సముద్ర మట్టానికి జారుతుంది. బ్రేకు మీద కాలు పెట్టి దిగితే బ్రేకులు కాలిన వాసనొస్తుంది. మా ఆయన చిన్న గేరులో దించాడు. పైన తాగేసి మూత బిగించిన ప్లాస్టిక్ సీసా కిందికి వచ్చేసరికి ఎవరో పిసికినట్టు నొక్కుకుపోయింది. బాబుకి అదో మాయ. అమ్మకి చెవులు దిబ్బడలు వేశాయి. ఎండుటల్లం చప్పరించింది.

మెస్కీట్ ఫ్లాట్ ఇసుక దిబ్బల దగ్గరికి వెళ్లేసరికి మధ్యాహ్నం ఒంటిగంట. పెద్ద దిబ్బ వంద అడుగులు. పిల్లలు చెప్పులిడిచి పరుగెత్తారు. అమ్మ ఇసుకలో నడవలేక పార్కింగ్ పక్కనే ఒక వంకర చెట్టు నీడ చూసుకుంది. నీడ అనడమే గానీ ఆకులన్నీ రాలిపోయి ఉన్నాయి. చెట్టుని చేత్తో తడిమి, కింద పడి ఎండిన కాయ ఒకటి తీసి తుంచి చూసి, "ఏందే, ఇది మన సర్కారు తుమ్మ కదా!" అని కేకేసింది.

అమ్మ పెద్దగా తప్పలేదు. ఇక్కడి మెస్కీటూ మన ఊళ్లలో చెరువుగట్లని మింగేసిన సర్కారు తుమ్మా దగ్గరి చుట్టాలు. మన దగ్గరిది అమెరికా ఖండం నుంచి వచ్చి పడ్డదే. ఇక్కడ అది సొంత చెట్టు. ఈ లోయ టింబిషా షోషోని తెగ వాళ్లది. వాళ్లు ఈ కాయల్ని దంచి పిండి చేసుకుని తినేవాళ్లు. ఆ మాట చెబితే అమ్మ కాసేపు ఆలోచించి, "మేకలు తింటాయి. తియ్యగానే ఉంటాయి. మేమూ చిన్నప్పుడు చప్పరించేవాళ్లం" అంది. ఆ చెట్టు కిందే పులిహోర తిన్నాం. ఇంతదూరం వచ్చి సర్కారు తుమ్మ కింద కూర్చున్నానని చెల్లెలికి చెప్పాలని అమ్మ తహతహ. సిగ్నల్ లేదు.

ఫర్నేస్ క్రీక్ విజిటర్ సెంటర్ సముద్ర మట్టానికి 190 అడుగుల దిగువన ఉంది. బయట పెద్ద డిజిటల్ థర్మామీటరు. ఎండాకాలం జనం దాని పక్కన నిలబడి ఫొటోలు దిగుతారు. ఆ రోజు 72 చూపించింది, ఫారెన్‌హీట్‌లో, అంటే మన ఇరవై రెండు డిగ్రీలు. అమ్మ దాన్ని చూసి పెదవి విరిచింది. పాప లోపలికెళ్లి జూనియర్ రేంజర్ పుస్తకం తెచ్చుకుంది. అందులో పనులు పూర్తిచేసి చూపిస్తే, ప్రమాణం చేయించి బ్యాడ్జి ఇస్తారు. ఈ పుస్తకం తర్వాత మా నాన్నకి చుట్టుకుంటుందని అప్పుడు తెలియదు.

బ్యాడ్‌వాటర్ చేరేసరికి మూడున్నర దాటింది. ఉత్తర అమెరికా ఖండంలో అన్నిటికంటే పల్లపు చోటు, సముద్ర మట్టానికి 282 అడుగుల కింద. వెనకాల కొండ మీద ఎంతో ఎత్తున "సముద్ర మట్టం" అని చిన్న బోర్డు. మామూలుగా ఇక్కడ మైళ్ల కొద్దీ తెల్లటి ఉప్పు నేలే. ఏడాదంతా కలిపి రెండంగుళాల వాన. అలాంటిది 2023 ఆగస్టు 20న హిల్లరీ తుపాను ఒక్కరోజులోనే రెండంగుళాల పైన కురిసింది. రోడ్లు కొట్టుకుపోయి రెండు నెలలు పార్కే మూసేశారు. ఆ నీళ్లు ఆరుతుండగానే ఫిబ్రవరి మొదట్లో మళ్లీ వానలు. మేం వెళ్లేటప్పటికి ఆరు మైళ్ల పొడవు, మూడు మైళ్ల వెడల్పున సరస్సు, అడుగు లోతు. లేక్ మాన్లీ అంటారు. మంచుయుగంలో ఈ లోయలో దాదాపు 600 అడుగుల లోతు సరస్సుండేది, దాని పేరే దీనికీ పెట్టారు. అవతల టెలిస్కోప్ శిఖరం నెత్తిన మంచు, ఆ మంచు నీళ్లలో తలకిందులుగా. జనం పడవలేసుకుని తెడ్లేస్తున్నారు. ఫొటోలు తీసుకునేవాళ్లు, ప్యాంట్లు మడిచి దిగేవాళ్లు. తిరునాళ్లలా ఉంది.

నేను నాన్న వైపు చూశాను, "బాగుందమ్మా" అంటాడేమోనని.

నాన్న చేతికర్ర పట్టుకుని చెక్క దారి చివరిదాకా నడిచి అక్కడ ఆగిపోయాడు. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఎంత నష్టం!" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. "ఏం నష్టం నాన్నా?"

"కొఠారు మునిగింది కదమ్మా."

చినగంజాంలో నా చిన్నతనం అంతా ఆ మాట చుట్టూనే తిరిగింది. ఉప్పునీళ్లు తోడి మొదటి మడిలోకి వదిలితే ఎండకి చిక్కబడతాయి. అక్కణ్నుంచి ఇంకో మడికి, చివరి మడిలో గింజ కడుతుంది. చెక్క పలకలతో గట్టుకి లాగి కుప్ప పోస్తారు, పైన తాటాకులు కప్పుతారు. ఇంకో నాలుగు రోజులెండితే చేతికొస్తుందనగా ఏప్రిల్లోనో మేలోనో ఒక వాన పడుతుంది. గంటసేపు చాలు. తెల్లగా మెరిసే మడి పొద్దున్నే లేచి చూస్తే నీళ్లు. నాన్న గట్టు మీద నిలబడి ఇలాగే చూసేవాడు. ఆ చూపు నాకు గుర్తుంది. ముప్ఫై ఏళ్ల తర్వాత ఇక్కడ, చుట్టూ జనం కేరింతలు కొడుతుంటే, మళ్లీ అదే చూపు చూశాను.

"ఇది ఎవరిదీ కాదు నాన్నా. ఎవరూ తియ్యరు ఇక్కడ ఉప్పు."

"ఎవరూ తియ్యరా?" అన్నాడు. నష్టం సంగతి తేలిపోయి, ఇప్పుడు ఆశ్చర్యం. "ఇంత ఉప్పు, ఊరికే వదిలేశారా?"

అక్కణ్నుంచి నాన్నని ఆపలేకపోయాం. నీళ్ల అంచుకి దిగి, దోసిట్లోకి తీసుకుని, వేళ్ల మధ్య రాసి జిగురు చూశాడు. "ఇంకా చిక్కదనం రాలేదు. వాన నీళ్లు ఎక్కువున్నాయి" అన్నాడు. "ఈ నీళ్లెటు పోతాయి?" ఎటూ పోవు అని చెప్పాను. అమర్గోసా అనే నది ఈ లోయలోకే వస్తుంది, సముద్రం దాకా పోయే దారి లేదు. వచ్చినవి వచ్చినట్టు ఇక్కడే ఆరిపోతాయి, తెచ్చిన ఉప్పంతా ఇక్కడే మిగులుతుంది. అమర్గోసా అంటే స్పానిష్‌లో చేదు అని అర్థం. ఆ మాట వినగానే నాన్న ముఖం వెలిగింది. "చేదే ఉంటుంది మరి. ఉప్పు దిగాక చివర మిగిలే నీళ్లు చేదు. మేం పారబోస్తాం. వీళ్లకి పారబోసే చోటు లేదు."

పూర్వం సర్వే చేయడానికొచ్చిన ఒకాయన కంచరగాడిద ఇక్కడి గుంటలో నీళ్లు తాగలేదని, అందుకే బ్యాడ్‌వాటర్ అన్నారని బోర్డు మీది కథ పాప చదివి వినిపించింది. "తెలివైన గాడిద" అన్నాడు తాతయ్య.

పడవలవాళ్లు కొందరు ఒడ్డున మెత్తటి బురదలో తొక్కుకుంటూ పోతున్నారు. అడుగుల గుర్తులు ఏళ్ల తరబడి ఉండిపోతాయి, బురదలో నడవొద్దని పార్కు వాళ్లు చెబుతూనే ఉన్నారు. నాన్నకి ఇంగ్లీషులో ఉన్న ఆ సూచన ఎవరూ చదివి చెప్పలేదు. ఆయనే ఒక కుర్రాణ్ని చేత్తో ఆపి, తెలుగులో, "అడుగు పాడవుద్ది బాబూ, ఇటు రా" అన్నాడు. ఆ కుర్రాడికి భాష రాకపోయినా విషయం తెలిసింది. గట్టి నేల మీదికి వచ్చి, సారీ చెప్పాడు. మడి అడుగు ఎవరైనా తొక్కితే నాన్న చిన్నప్పుడు మమ్మల్నీ ఊరుకోలేదు.

అంచున నీళ్లు వెనక్కి తగ్గినచోట కొత్త ఉప్పు పొర కట్టింది. నాన్న వంగి గోళీకాయంత గడ్డ ఒకటి తీసి, రుమాల్లో మూటకట్టి జేబులో వేసుకున్నాడు. అది పాప చూసింది.

"తాతయ్యా, అది తీయకూడదు."

"ఉప్పేగా తల్లీ."

"రాయి, పువ్వు, ఉప్పు ఏదీ తీయకూడదు. రూల్. నా పుస్తకంలో ఉంది. నాకు బ్యాడ్జి రాదు!"

ఏడుపు మొదలయ్యేలా ఉంది. నాన్న మా అందరినీ చూశాడు. ఎవరం సాయం రాలేదు. రుమాలు విప్పి, ఎక్కణ్నుంచి తీశాడో వెతుక్కుని, అక్కడే పెట్టాడు. "రేంజరమ్మ చెప్పింది" అన్నాడు అమ్మతో. అమ్మ అప్పటికి గంట నుంచి బాత్రూం ఎక్కడా అని అడుగుతోంది.

పొద్దు వాలేదాకా అక్కడే ఉన్నాం. నీళ్లు గులాబీ రంగు తిరిగాయి. వంద ఫొటోలు తీశాను, ఒక్కటీ అలా రాలేదు. నీళ్లు ఆరాక ఈసారి ఉప్పు కొత్తగా, మరింత తెల్లగా దిగుతుందని నాన్న చెప్పాడు. తర్వాత వారం పది రోజులకి ఈదురుగాలి సరస్సు మొత్తాన్ని రెండు మైళ్లు ఉత్తరానికి నెట్టేసిందనీ, లోతు తగ్గి పడవలు ఆపేశారనీ వార్తల్లో చదివి ఆయనకి చెబితే, "గాలికి మడిలో నీళ్లు ఓ పక్కకి పోతాయి. అందులో వింతేముంది?" అన్నాడు.

పరంప్ వెళ్లేదారి చీకటి. మధ్యలో వెడల్పయిన చోట వ్యాన్ పక్కకి ఆపి లైట్లన్నీ ఆర్పేశాం. దీపాల వెలుగు పెద్దగా సోకని చోట్లకిచ్చే చీకటి ఆకాశపు గుర్తింపు ఈ పార్కుకి ఉంది, 2013లో ఇచ్చారు. ఆ రాత్రి సగానికి పైగా చంద్రుడున్నాడు, అయినా ఫ్రీమాంట్‌లో ఎన్నడూ కనపడనన్ని చుక్కలు. అమ్మ సప్తర్షి మండలం చూపించింది. బాబు నిద్రపోయాడు. అయిదు నిమిషాలకే చలికి అందరం లోపలికి దూరాం.

మర్నాడు పొద్దున డాంటేస్ వ్యూ అనే కొండ ఎక్కాం. 5,475 అడుగులు. చలిగాలి కోసేస్తోంది, అమ్మ వ్యాన్ దిగలేదు. కింద లోయ మొత్తం ఒక పటంలా పరుచుకుని ఉంటుంది. నాన్న కర్రతో గాల్లో గీతలు గీస్తూ మా ఆయనకి చెబుతున్నాడు, నీళ్లు ఎటు నుంచి వదలాలి, గట్టు ఎక్కడ పోయాలి, మడులు ఎన్ని వస్తాయి. "అంత ఉప్పు ఎవరు కొంటారు మావయ్యా?" అన్నాడు మా ఆయన. "అదే కదా ఎప్పుడూ ఉన్న బాధ" అన్నాడు నాన్న. జబ్రిస్కీ పాయింట్‌లో పసుపు రంగు మట్టి మడతలు చూసి పది నిమిషాల్లో తిరిగొచ్చాం. అందరూ పొగిడే చోటు. మాకెవరికీ ఆ రోజు దాని మీద ధ్యాస లేదు. ఆర్టిస్ట్స్ ప్యాలెట్ అసలు చూడనే లేదు.

చూసింది హార్మనీ వెలిగారం ఫ్యాక్టరీ. ఫ్యాక్టరీ అంటే ఇప్పుడు మొండి గోడలు, తుప్పు పట్టిన బాయిలరు, ఒక పాత బండి. 1883 నుంచి 1888 దాకా నడిచింది. చైనా నుంచి వచ్చిన కూలీలు లోయ నేల మీద వెలిగారం పొర గీకి తెచ్చేవాళ్లు. దాన్ని మరిగించి, చల్లార్చి, స్ఫటికాలు కట్టించి, పద్దెనిమిది కంచరగాడిదలూ రెండు గుర్రాలూ కట్టిన బళ్లలో 165 మైళ్ల దూరంలోని మొహావీ రైల్వే స్టేషనుకి తోలేవాళ్లు. వెనక 1,200 గ్యాలన్ల నీళ్ల ట్యాంకు. మా ఇరవై నాలుగు గ్యాలన్ల గురించి అమ్మ ఇంక నోరెత్తలేదు. "కంసాలి దగ్గరుండే వెలిగారమేనా?" అని మాత్రం అడిగింది. అదే. మంగళసూత్రం అతికించడానికి వాడేదే.

నాన్నకి నచ్చిన ముక్క ఇంకొకటి. ఎండాకాలం ఇక్కడ పని ఆపేసేవాళ్లట. వేడికి నీళ్లు చల్లారేవి కావు, చల్లారకపోతే వెలిగారం గింజ కట్టదు. అందుకని వేసవిలో ఇంకోచోట వండేవాళ్లు. "మాకు ఎండ లేకపోతే పని లేదు, వీళ్లకి ఎండ ఉంటే పని లేదు" అని నాన్న ఒకటే నవ్వు. ఆయన అలా నవ్వి ఎన్నాళ్లయిందో.

విజిటర్ సెంటర్‌లో పాప కుడిచెయ్యెత్తి ప్రమాణం చేసి బ్యాడ్జి తగిలించుకుంది. రేంజరమ్మాయి పుస్తకం తిరగేస్తూ, పార్కుని కాపాడటానికి నువ్వేం చేశావని అడిగింది. "మా తాతయ్య ఉప్పు దొంగిలిస్తుంటే ఆపాను" అని పాప గట్టిగా చెప్పింది. మా ఆయన నవ్వాపుకోలేక బయటికి పోయాడు. ఏం జరిగిందని నాన్న అడిగితే ఎవరం సరిగ్గా అనువదించలేదు.

ఫర్నేస్ క్రీక్‌లో ఖర్జూరం షేక్ తాగాం. అక్కడ ఖర్జూరం తోట ఉంది. తియ్యదనం మరీ ఎక్కువ, అమ్మ సగం నాకిచ్చేసింది. తర్వాత దారంతా తిరుగు ప్రయాణమే. బేకర్స్‌ఫీల్డ్‌లో పడుకుని, మర్నాడు మధ్యాహ్నానికి ఇల్లు చేరాం.

ఆ సాయంత్రం వ్యాన్ తిరిగిచ్చెయ్యాలి. నాన్నా వస్తానన్నాడు. నేను వ్యాన్‌లో, వెనక మా ఆయన కార్లో. మా పక్క ఊరు నెవార్క్ మీదుగా వెళ్తున్నాం. తొమ్మిదేళ్లుగా వారానికి రెండుసార్లయినా తిరిగే దారి. నాన్న కిటికీ వైపు వంగి, "ఆ తెల్ల గుట్ట ఏంటమ్మా?" అన్నాడు.

అది ఎప్పుడూ అక్కడే ఉంటుంది. ఏదో కంకరో, ఇసుకో పోశారనుకునేదాన్ని. "ఏమో నాన్నా, ఏదో కన్‌స్ట్రక్షన్" అన్నాను.

"కాదు. పైన చూడు, వానకి కారి గట్టిపడింది. అది కుప్ప." కాసేపాగి, "పక్కన మడులుండాలి" అన్నాడు.

ఉన్నాయి. శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతం అంచున ఉప్పు మడులు. విమానం దిగేటప్పుడు ఎర్రగా గులాబీగా చెక్కలు చెక్కలుగా కనిపించేవి అవే. మా ఇంటికి పదిహేను నిమిషాల దూరం.

"నాలుగు నెలల నుంచి చెప్పలేదేం?" అన్నాడు నాన్న.

వ్యాన్ తిరిగిచ్చే టైం అయిపోతోంది, ఆలస్యమైతే ఇంకో రోజు అద్దె వేస్తారు. ఇండికేటర్ వేసి పక్కకి ఆపాను.